దేవుడికి నేను పెట్టిన నిబంధన

ఉద్యోగం రాకముందు మనిషికి ఉండే పెత్తనం వచ్చాక ఉండదు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు నేర్చుకుంటూ, ఇంటర్వ్యూకు పిలిచే నాథుడు లేక, నేను ఏకంగా దేవుడికే నిబంధనలు పెట్టేవాణ్ణి. ఆదివారం హాస్టల్లో చికెన్ భోజనం అయ్యాక మా గదిలో ఒక ఆట నడిచేది. కథ నేను చెబుతాను, మిగతా ఇద్దరూ అందులో పాత్రలై ఏం చేస్తారో చెబుతారు, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. బేగంపేటలో సెల్‌ఫోన్ల దుకాణం చూసుకునే భాయ్ (అందరినీ అలాగే పిలిచేవాడు కనుక మాకూ అతను భాయే) ఆటలో కత్తివీరుడు. పంజాగుట్ట కాల్ సెంటర్‌లో పనిచేసే పాస్టర్‌గారబ్బాయి, అంటే మా చిన్న పాస్టర్, పూజారి. అతను ప్రార్థిస్తే ఎంతటి గాయమైనా మాయం.

చిక్కు అక్కడే వచ్చింది. భాయ్ ఇలా పడటం, పూజారి అలా లేపటం. నా రాక్షసులు పాపం ఒక్కణ్ణీ చంపలేక నీరసించిపోయారు. చివరికి భాయ్ మొహం ముడుచుకున్నాడు. "నేను చావనప్పుడు కత్తెందుకు భాయ్? జర భయముండాలె. గిట్లయితె నేను రాను." ముగ్గురిలో ఒకడు పోతే ఆటే లేదు. ఆట లేకపోతే ఆ గదిలో నాకు మిగిలేది ఉద్యోగం రాలేదన్న దిగులొక్కటే.

బల్కంపేట ఎల్లమ్మ గుడి ముందు నుంచి నడుస్తుంటే ఉపాయం తట్టింది. మొక్కు. ప్రతి ప్రార్థనకూ పూజారి ఏదో ఒకటి వదులుకోవాలి. చిన్న పాస్టర్ ససేమిరా అన్నాడు. "మా దాంట్ల మొక్కులుండవన్నా. కృప ఫ్రీగనే వస్తది." "మీ చర్చిలో వస్తుందేమో, నా కథలో రాదు" అన్నాను (అంత అధికారం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు). గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మొదటి గాయానికి అతని పూజారి మాంసం మానేశాడు, తర్వాత చెప్పులు, ఆ తర్వాత క్షవరం. గడ్డం పెరిగిన పూజారి ముళ్ళ అడవిలో ఉత్త కాళ్ళతో కుంటుతుంటే భాయ్ పొట్ట పట్టుకుని నవ్వి, "మస్తుంది. ఇంకొక్క వారం చూస్త" అన్నాడు.

ఆ వారమే అతని వీరుడు కూలిపోయాడు. పాచిక కనికరించలేదు. పూజారి దగ్గర వదులుకోవటానికి ఏమీ మిగల్లేదు. నా నిబంధనకు నేనే భయపడి, కాస్త సడలిద్దామని నోరు తెరవబోయాను. చిన్న పాస్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రార్థనే వదిలేస్తున్ననన్నా. ఇగ నా పూజారికి మహిమలు లేవు. భాయ్‌ని లేపు."

నేను భాయ్ వీరుణ్ణి లేపేశాను. భాయ్ పాచికను అటూ ఇటూ తిప్పుతూ, "వచ్చే ఐతారం జల్ది షురూ చేద్దాం. గీ కుంటి పూజారిని ఇగ నేనే మొయ్యాలె కద" అన్నాడు.

ఆ సాయంత్రం మైత్రీవనం దగ్గర టీ తాగుతూ, దైవశక్తిని ఎంత చక్కగా తూకం వేశానో ఇద్దరికీ సుదీర్ఘంగా ఉపన్యసించాను. వాళ్ళు బుద్ధిగా విన్నారు. ఇప్పుడు ఉద్యోగం ఉంది, ఆదివారాలూ ఉన్నాయి, ఎదురుగా కూర్చునే ఆ ఇద్దరే లేరు. గ్లాసు చేత్తో పట్టుకుని అంత ధీమాగా మాట్లాడిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఆటను నిలబెట్టింది వాళ్ళిద్దరూ, పేరు మాత్రం నేను కొట్టేశాను.