ఆంప్లిఫయర్ మీద పెట్టిన రికార్డు

“ఒక్క రికార్డుకి మూడు వేలా? నీకేమైనా మతిపోయిందేంట్రా?” అని తాడేపల్లిగూడెంలో మైక్‌సెట్లు అద్దెకిచ్చే నిత్యానందాన్ని అక్క రూతమ్మ అడిగింది. చనిపోయిన అతని భార్య కెజియాకు ఇంగ్లీషు పంక్ రాక్ అంటే ప్రాణం. హాస్టల్ రోజుల నుంచి దాచుకున్న ఆమె క్యాసెట్ ఎప్పుడో పాడైపోయింది. 2008లో అదే ఆల్బమ్‌ను నల్ల ప్లాస్టిక్ రికార్డుగా మళ్లీ కొద్ది కాపీలు మాత్రమే వేశారని విని, హైదరాబాదు షాపులో అరువు పెట్టి తెప్పించాడు. ఆమె మొదటి జ్ఞాపకార్థ కూడికలో ఆమెకిష్టమైన పాట వెయ్యాలని అతని ఆశ.

“ముందు ప్రార్థన చేసుకుందామండీ. మీ పాట ఎక్కడికి పోతుంది?” అన్నారు ఆ రోజు కూడిక నడుపుతున్న పాస్టరుగారు.

పాటల పుస్తకం పెట్టే అలవాటు కొద్దీ నిత్యానందం రికార్డును ఆంప్లిఫయర్ మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన కెజియాను దాటి వరిచేలను, చేపల చెరువులను, చివరికి కలెక్టరుగారిని కూడా దీవించింది. ఆమేన్ అనేసరికి కింద ఆంప్లిఫయర్ వేడికి రికార్డు అప్పడంలా వంగిపోయింది. ప్లేయర్‌లో వేసి ముల్లు పెట్టిన ప్రతిసారీ రెండు మాటలు పలికి జారిపోయింది.

“పైన కెజియమ్మ వినే ఉంటుందిలేండి,” అన్నారు పాస్టరుగారు.

“నేను వినాలనండీ,” అన్నాడు నిత్యానందం.

హైదరాబాదు షాపులో ఇంకో కాపీ అడిగితే అన్నీ అమ్ముడైపోయాయన్నారు. ఆ షాపుకు అతను ఇంకా పద్దెనిమిది వందలు బాకీ.