మదీనాగూడ చేలో పసుపు చొక్కాలు

నిండా జనంతో ఉన్న కాలేజీ బస్సు బొంబాయి రోడ్డు మీద వెనక్కి పరిగెత్తడం మీరెప్పుడైనా చూశారా? ముందుకు కాదు, వెనక్కి. డ్రైవరు తల బయటపెట్టి ఆంజనేయస్వామిని తలుచుకుంటూ. నేను చూశాను. అలా పరిగెత్తించింది నేనే కాబట్టి మరీ దగ్గర నుంచి చూసే భాగ్యం కలిగింది. ఆ పొద్దున నన్ను చూసి భయపడనివాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. అతనెవరో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు నా తెలివి సంగతి వినండి, అది అంతకన్నా భయంకరం.

డెబ్బైలలో మాట. ఇప్పుడు మబ్బుల్ని గీరుతున్న మేడలున్న కోకాపేటలో అప్పుడు రాళ్లుండేవి. రాళ్ల మధ్య ఖాళీల్లో ఇంకొన్ని రాళ్లుండేవి. మా నాయన అక్కడ బండలు కొట్టేవాడు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ వాదన. మేం కాపురమున్న బోరబండలోనే మా మేనమామ నర్సింహ టైలరు దుకాణంలో పనికి కుదిరాను. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, మామకు చాయ్ తేవడం. కత్తెర మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. దర్జీ పనిలో కత్తెర పట్టినవాడే మనిషి, మిగతావాళ్లం దారం ముక్కలం.

మా పక్కింట్లో కిరాయికున్న సర్కారు ఉద్యోగి కొడుకు ప్రసాదు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. బొంబాయి రోడ్డు మీది ఒక కాలేజీలో బీఎస్సీ చదివేవాడు. ఒక సాయంత్రం దుకాణం మెట్టెక్కి అన్నాడు.

"యాదగిరి గారూ, మా కాలేజీలో ఎగ్జిబిషనండి. విద్యార్థులు సొంతంగా తయారుచేసినవి స్టాల్ పెట్టి అమ్మొచ్చండి. మనం ఫ్యాషన్ బట్టల కంపెనీ పెడదామండి."

నా పేరు వెనక 'గారు' తగిలించిన మొదటి మనిషి అతనే. ఆ 'గారు' కోసం నేను బర్రెకైనా బెల్‌బాటం కుట్టి ఉండేవాణ్ణి.

"గుడ్డ ఎవలిదన్నా?"

"మీ మామగారి దగ్గర తెల్ల తాను ఉంది కదండి."

"కుట్టేదెవలు?"

"మీరేనండి."

"మరి నువ్వేం జేస్తవ్?"

"పేరు పెడతానండి."

గుడ్డ లేదు, గుండీ లేదు, కంపెనీ పేరు గోల్డెన్ యూత్.

మామ మిషను ఆపి, మమ్మల్నిద్దర్నీ చిరిగిన జేబును చూసినట్టు చూశాడు. "తాను తీస్కోరి. గుడ్డ నేనే కత్తిరిచ్చిస్త, కుట్టుడు నీది. ఒక్క చొక్కా అమ్ముడువోయినా ఇగ ఈ కత్తెర నీదే. పోకుంటే మాత్రం సోమారం పొద్దుగాల కోకాపేటల మీ నాయన పక్కన సుత్తె పట్టుకోని నిలవడాలె. ఏమంటవ్ర?"

"ఒక్కటేంది మామా, కాలేజీ కాలేజీకే తొడుగుత."

గోల్డెన్ అన్నాక బంగారు రంగు ఉండాలి కదా. అద్దకం రంగు కొనే స్తోమత లేదు. మా అమ్మ వంటింట్లో పసుపు డబ్బా ఉంది, దాన్ని కాపలా కాసే అమ్మ అప్పుడప్పుడు నీళ్లకు పోతుంది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో పప్పు తెల్లగా ఉండేది. కానీ చొక్కాలు మాత్రం, చూసి తీరాలి, బతుకమ్మలో తంగేడు పువ్వుల్లా మెరిశాయి.

దండెం మీద అవి ఆరుతుంటే మా అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. డబ్బా గురించి తిట్టడం అయ్యాక మనసు కరిగింది. "ఎంత ముద్దుగున్నయ్ర. జనం కండ్లు మంచియి గావు" అంటూ పళ్లెంలో పసుపునీళ్లు పోసి, చిటికెడు సున్నం వేసి కలిపింది. నీళ్లు ఎర్రగా మారాయి. చొక్కాలకు దిష్టి తీసి వాకిట్లో పారబోయబోతుంటే ప్రసాదు ఆపాడు.

"ఒక్క క్షణమండి. యాదగిరి గారూ, చూశారా, ఇందులో మహిమేం లేదు, రసాయన చర్యండి. పసుపుకు సున్నం తగిలితే ఎరుపెక్కుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. అంతేనండి."

"గంతేనా" అన్నాను, అంతా అర్థమైనవాడిలా.

పాఠకులు ఈ దృశ్యాన్ని కాస్త మనసులో పెట్టుకోవాలి. పళ్లెం చుట్టూ ముగ్గురం. ముగ్గురి తలల మీదా పసుపు చొక్కాలు. అందులో ఒకడు రసాయన శాస్త్రం చదువుతున్నవాడు. ముగ్గురిలో ఒక్కరికీ తల పైకెత్తి చూడాలని తోచలేదు.

ఇక ప్రచారం. కాలేజీ బస్సు మదీనాగూడ మీదుగా పోతుంది. రోడ్డు పక్కన పోచయ్య తాత జొన్నచేను, అందులో దిష్టిబొమ్మలు. నా బుర్రలో మెరుపు మెరిసింది. ఆ మెరుపుకు పిడుగు కూడా జతగా వస్తుందని అప్పుడు తెలియదు.

ఎగ్జిబిషన్‌కు ముందురోజు సాయంత్రం బట్టల మూటతో చేలోకి దిగాం.

"గడ్డిబొమ్మలకు అంగీలెందుకుర?" అన్నాడు తాత.

"ప్రచారం తాతా. బస్సుల పొయ్యేటోళ్లు చూస్తరు."

"పిట్టలు చూస్తయిరా. కొంటయా మరి?"

నవ్వుకుంటూ తాత ఊళ్లోకి పోయాడు. మేం బొమ్మలకు పసుపు చొక్కాలు, పసుపు బెల్‌బాటాలు తొడిగాం. అంతా బాగానే ఉంది కానీ తలలు బాగాలేవు. మసిపట్టిన పాత కుండలు. మన కంపెనీ బట్టలు వేసుకున్నవాళ్లు మసిమొహాలతో నిలబడితే పరువేముంటుంది? తాత గుడిసె పక్కన తడిపిన సున్నం కనిపించింది. తీసుకొచ్చి తలతలకూ దిట్టంగా పట్టించాను. కారేలా ఉన్నా సరే ఇంకో చెయ్యి వేశాను. చిన్నప్పటి నుంచీ నాకదే జబ్బు, చెయ్యాల్సిన పని చెయ్యను, చెయ్యకూడనిది మాత్రం రెండు చేతులతో చేస్తాను. బొగ్గుతో కళ్లు, మీసాలు దిద్దాను. ముందున్న బొమ్మకు చెవిదాకా నవ్వు గీశాను.

ప్రసాదు అట్ట మీద రాసి ఆ నవ్వుబొమ్మ మెడలో వేలాడదీశాడు. "వీళ్లు వేసుకున్నారు. తర్వాతి వంతు మీదే."

"అబ్బ" అన్నాను. "మస్తుందన్నా."

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం గోల్డెన్ యూత్ దుస్తుల్లోనే సైకిలెక్కి మదీనాగూడ చేరాం. బస్సులో జనం నోళ్లు తెరుచుకోవడం కళ్లారా చూడాలని. మంచు ఎలా ఉందంటే, సైకిలు తొక్కుతున్న నా మోకాళ్లు నాకే కనిపించలేదు. బండలు మంచులోంచి ఒక్కొక్కటే లేచి, మేం దాటగానే మళ్లీ కూర్చుంటున్నట్టున్నాయి.

చేను దగ్గర దిగాం. మొదట నాకు తోచింది ఏమిటంటే, చప్పుడు లేదు. రోజూ ఆ వేళకు చిలకలు కంకుల మీద పంచాయతీ పెడతాయి. ఆ రోజు ఒక్క పిట్టా లేదు. ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు మాత్రం, ఎవరో మన గురించి మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు.

మంచు కాస్త పలచబడి నవ్వుబొమ్మ కనిపించింది. దాని గొంతు కోసి ఉంది.

మెడ చుట్టూ ఎరుపు. మెడ నుంచి గుండెల మీదికి, గుండెల నుంచి గుండీల దాకా ఎరుపు. గీసిన నవ్వు గడ్డం మీదుగా కారి కిందికి సాగింది. మేం చూస్తుండగానే మంచుకు తడిసిన తల మీది నుంచి తెల్లగా ఒక చుక్క జారి, చొక్కా మీద పడి, ఎర్రగా విచ్చుకుంది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. వరసగా అన్నీ, చేతులు చాచి, నెత్తురు కక్కుతూ.

ప్రసాదు నా భుజం పట్టుకున్నాడు. "యాదగిరి గారూ, ఎవరో కోసేశారండి."

"గడ్డిబొమ్మను ఎవడు కోస్తడన్నా?"

"అదేనండి నా భయం కూడా."

పారిపోదామనే అనుకున్నాను. అప్పుడే చేను ఆ చివర, మంచె కింద, గొంగడి కప్పుకుని గొంతుక్కూర్చున్న మనిషి కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది. "తాతా" అని కేకేశాను. పలకలేదు. నెమ్మదిగా ఒక చెయ్యి పైకెత్తాడు. అంతే నెమ్మదిగా దించాడు.

"తాత ఉన్నడు, ఫికర్ లేదు. బస్సొచ్చేలోపల అంగీలు ఇప్పుదాం పట్టు. గిట్ల చూస్తే ఎవడన్నా కొంటడా?"

నవ్వుబొమ్మను కావలించుకుని చొక్కా లాగాను. దాని తల నా ఛాతీ మీదికి ఒరిగింది. తలను పక్కకు నెట్టి, చేతులు నా చొక్కాకే తుడుచుకున్నాను. కిందికి చూసుకుంటే నా గుండెల మీద నా అయిదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. నేనూ మొదలయ్యానన్నమాట.

ప్రసాదు నా చొక్కాను చూశాడు, కుండను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. మొహంలో చదువు వెలిగింది. "సున్నమండి" అన్నాడు. "రసాయన చర్యండి."

"గా ముక్క నిన్న చెప్పలేకపోయినవా?"

"నిన్న కూడా చెప్పానండి."

సరిగ్గా అప్పుడే మంచులో బస్సు దీపాలు. నాకు కత్తెర కనిపించింది, సుత్తె కనిపించింది. బస్సు ఈ బొమ్మల్ని చూసి పోతే కోకాపేటే గతి. ఆపి, నిజం చెప్పి, నవ్వించాలి. ఒక చేత్తో నెత్తుటి చొక్కా, ఇంకో చేత్తో మెడలోంచి తీసిన అట్ట పట్టుకుని రోడ్డు మధ్యకు ఉరికాను.

"ఆపుండ్రి. భయపడకుండ్రి. ఏం గాలే" అని అరిచాను. బస్సు ఆగింది. సంతోషం పట్టలేక అన్నాను, "ఇవి అయిపోతయని పరేషాన్ గాకుండ్రి. మీ అందరికి సరిపోతయ్."

డ్రైవరు నా ఛాతీని చూశాడు. అట్టను చదివాడు. నా వెనక మంచులో చేతులు చాచి నిలబడ్డవాళ్లను చూశాడు. ఆ తర్వాత జరిగింది మీకు మొదట్లోనే చెప్పాను. కిటికీలన్నీ ఒక్కసారిగా మూసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దూరంగా పోతూ పోతూ కూడా బస్సు హారన్ మోగిస్తూనే ఉంది, పాపం, వెనక్కి పోతూ ముందుకు హారన్ ఎందుకో.

మిగతా బొమ్మల మీదివి అలాగే వదిలేసి, అమ్మకానికి తెచ్చిన మూటెత్తుకుని ఎగ్జిబిషన్‌కు పోయాం. మా కథ మాకన్నా ముందే పోయింది. స్టాల్ ముందు జనం బాగానే మూగారు, చేతులు మాత్రం వెనక కట్టుకుని. ప్రసాదు పట్టుదల మనిషి. "ఇది శాస్త్రమండి, చూడండి" అంటూ ఎర్ర చొక్కా మీద నిమ్మకాయ పిండాడు. ఎరుపు పోయి పసుపొచ్చింది. పసుపు, ఎరుపు, నిమ్మకాయ. జనం ఒకళ్లనొకళ్లు చూసుకుని రెండడుగులు వెనక్కేశారు. వాచ్‌మన్ ఎక్కణ్ణుంచో వేపమండ తెచ్చాడు. ఒక లెక్చరరు ఎంతో మర్యాదగా మా స్టాల్‌ను గేటు బయట పెట్టుకోమన్నాడు. ఒక్క చొక్కా అమ్ముడుపోలేదు. సున్నం పూయనేల, నిమ్మకాయ పిండనేల.

దుకాణానికొస్తే మామ మిషను మీద సుత్తె పెట్టాడు. అంతే. దాని బరువుకు మిషను బల్ల కిర్రుమంది.

ఆదివారం సాయంత్రం దుకాణంలో కూర్చుని కాజాలకు కడసారి దండం పెట్టుకుంటున్నాను. ప్రసాదు నన్ను ఓదారుస్తున్నాడు, అంటే ఇంకో కంపెనీకి పేరు చెబుతున్నాడు. అప్పుడొచ్చాడు పోచయ్య తాత, వెంట ఇద్దరు రైతులు.

"అరేయ్ యాదిగా, ఏం జేసినవ్ర నా చేన్ల? ఒక్క చిలక వాలుతలేదు. పంది వస్తలేదు. కంకులు ఇరుసుకపొయ్యే కాలేజీ పోరగాండ్లయితే బస్సుల తల కూడ తిప్పుతలేరు. నాకు ఇంకిన్ని గావాలె. వీళ్లకు గూడ. గా ఎర్రది కారేటట్టే ఉండాలె."

మామ అడిగాడు, "కొలతలు?"

"కట్టెకు కొలతలేందయ్యా?"

మామ నవ్వడం మొదలుపెట్టాడు. చెవి మీది సుద్దముక్క కింద పడేదాకా నవ్వాడు. సుత్తె తీసి బల్ల కింద పడేసి కత్తెర నా చేతిలో పెట్టాడు. "పట్టు. పానమున్నోళ్ల గుడ్డ ముట్టకు. ముందుగాల గడ్డి మనుషులకు కుట్టు. ఎట్ల కుట్టినా వంక పెట్టరు."

కత్తెర చల్లగా, బరువుగా ఉంది. ఆనందంలో తాత కాళ్లకు మొక్కబోయాను. "అంతా నీ చలవ తాతా. ఆ పొద్దు మంచె కింద నువ్వు కూసోని ఉండబట్టే నాకు ధైర్యమొచ్చింది."

"ఏ పొద్దు?"

"బస్సొచ్చిన పొద్దు. గొంగడి గప్పుకోని, చెయ్యి లేపలే?"

తాత కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "నేనాడ యాడున్నర? మీరు అంగీలు తొడిగిన రాత్రే మా బిడ్డకు నొప్పులొస్తే దవాఖానకు తోల్కపోయిన. తెల్లారి పొద్దుగూకినంక గాని ఊర్లకు రాలె. నాకు గొంగడే లేదు."

మిషను ఆగింది. ప్రసాదు అలవాటుగా నోరు తెరిచాడు, రసాయన చర్య అందామని కాబోలు. మొట్టమొదటిసారి ఏమీ అనకుండా మూసుకున్నాడు.

ఎవరో ఏమో. ఎన్నేళ్లు ఆలోచించినా నాకు తేలింది ఒక్కటే, గోల్డెన్ యూత్ సరుకంతా మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా చూసి, కొనకుండా పోయిన మొదటి గిరాకి ఆయనే.

మొన్న ఆ వైపు పోయాను. జొన్నచేను ఉన్నచోట బట్టల దుకాణం లేచింది. అద్దం వెనక బొమ్మలు వరసగా, చేతులు చాచి, ఒకదానికి పసుపు చొక్కా. ఈ కాలంవాళ్లు తెలివైనవాళ్లు, బొమ్మలకు తలలే పెట్టలేదు. మెచ్చుకుంటూ నిలబడితే అద్దంలో నా వెనక, రోడ్డవతల, ఎవరో గొంతుక్కూర్చున్నట్టు కనిపించింది. నేను తిరిగి చూడలేదు. కొనేవాడైతే లోపలికే వస్తాడు.

అందుకని, మామ ఇచ్చిన ఆ కత్తెర మీద చెయ్యేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పసుపు గుడ్డను సున్నం తల కింద ఉంచను. పళ్లెం చూసినప్పుడు దండెం కూడా చూస్తాను. మంచులో ఎవరైనా చెయ్యెత్తితే, ముందు ఊరూ పేరూ అడిగి, జవాబొచ్చాకే తాతా అని పిలుస్తాను.