ఐదు కంప్యూటర్ల హద్దు

తల వెంట్రుకంత తీగనైనా పట్టకారుతోనే తీస్తాడని, వేలితో ముట్టడని, వీధివాళ్లు అతనికి పట్టకారు అని పేరు పెట్టారు. పదకొండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఏడాదికో రెండేళ్లకో ఎవరైనా చెడిపోయిన మదర్‌బోర్డు తెస్తే, బాగుచేశాక దాన్ని తన సొంత కంప్యూటర్‌లో బిగించి ఒక పూటంతా నడిపి చూడటం అతని పద్ధతి. బోర్డుకు ఊపిరాడనివ్వని బరువైన ప్రోగ్రాం అతని దగ్గర ఒక్కటే ఉంది: ఇంటర్నెట్ దుకాణంలో కొన్న రైలుమార్గాల ఆట. ఏ బోర్డు ఏ తేదీన ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో ఎక్కించేవాడు. ఆట మొదలయ్యే ముందు 'అనుమతి తీసుకోండి' అని అడిగే చిన్న కిటికీని మాత్రం ఏనాడూ చదవలేదు. నొక్కి ముందుకు పోయేవాడు.

ఆ ఆట అతని ఒక్కడిదే కాదు. వేరే ఊళ్లో ఉన్న అక్కా అతనూ ఆరేళ్లుగా ఒకే పటం మీద పట్టాలు వేస్తున్నారు. ఆటలోని కాలంలో ఒకరు పదేళ్లు నడిపి ఫైలు పంపితే, తరువాతి పదేళ్లు రెండోవారివి. అక్క కాలు విరిగి నెల అయింది. సోమవారం ఆమె ఫైలు వచ్చింది; ఇక ఏటి మీద వంతెన వేయడం అతని వంతు. మంగళవారం తెరవబోతే ఆట ఒప్పుకోలేదు. ఒకసారి కొంటే ఐదు కంప్యూటర్లకే అనుమతట, ఆ హద్దు దాటారట.

ఉన్నదే ఒక్క కంప్యూటర్. లేచాడు, కూర్చున్నాడు, గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. దుకాణానికి రాస్తే జవాబు వచ్చింది: అనుమతి ఏ కంప్యూటర్‌లో తీసుకున్నారో దానిలోంచే తిరిగి ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఆరుకు ఈ ఆటకు అనుమతుల వ్యవహారం శాశ్వతంగా ముగుస్తుంది; ఆపైన తిరిగి ఇవ్వడం, కొత్తగా తీసుకోవడం ఉండవు, అప్పటికి అనుమతి ఉన్న కంప్యూటర్లలోనే ఆట నడుస్తుంది.

పుస్తకం తిరగేశాక విషయం తేలింది. బోర్డు మారిన ప్రతిసారీ ఆట దాన్ని కొత్త కంప్యూటర్‌గా లెక్కించింది. మొదటిది అతని పాత బోర్డు. అది పోయిన వారమే కాలిపోయింది, దాని బదులు బిగించిన కొత్త బోర్డు ఆరోదైంది. మిగతా నాలుగూ బాగుచేయించుకున్నవాళ్లవి. వాటిలో రెండు తుక్కుకు పోయాయి, ఒకటి ఊరు దాటింది. మిగిలింది అదే వీధిలోని దర్జీ ఆవిడది.

పక్క ఫోన్ల కొట్టతను జాలిపడ్డాడు. "తాళం తీసేసిన కాపీ నా దగ్గరుందన్నా. పది నిమిషాల పని."

"కొనుక్కున్నదాన్ని మళ్లీ దొంగిలించమంటావా?"

"నువ్వు మారవు," అని అతను పనిలో పడ్డాడు.

గురువారం అక్క ఫోన్ చేసింది. "ఏరా, వంతెన ఎక్కడిదాకా వచ్చింది?"

"ఇంకా మొదలుపెట్టలేదక్కా."

"మూడు రోజులుగా నా రైళ్లు ఏటి గట్టునే నిలబడ్డాయి. వాటికి తోడు నేను, కాలు చాపుకుని."

అనుమతి సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. శుక్రవారం నాలుగింటికి దర్జీ ఆవిడ గుమ్మం ఎక్కాడు.

"మీ కంప్యూటర్‌లో బోర్డు ఒక గంట ఇవ్వాలమ్మా."

ఆవిడ కుట్టు ఆపలేదు. "బాగుచేసినదాన్ని మళ్లీ ఊడబీకుతానంటావేంటి? దానికేం రోగం?"

"దానికేం లేదు. నా ఆట కోసం."

మిషను ఆగింది. "నీ వయసెంత తమ్ముడూ?"

"నలభై మూడు."

"అడగ్గానే చెప్పేశాడు చూడు," అంది పక్కనే గుండీలు కుడుతున్న కోడలితో. మళ్లీ అతనివైపు తిరిగింది. "కొన్నదేనా ఆ ఆట?"

"కొన్నదే."

"కొన్నవాడివి నా గుమ్మంలో ఎందుకు నిలబడ్డావు మరి?"

ఆ మూడు రోజుల్లో అతన్ని తొలిచేసిన ప్రశ్న కూడా అదే. ఆవిడ కత్తెర పక్కన పెట్టి లేచింది. "పద. నా బోర్డు నా కళ్లెదుటే ఉండాలి."

ఐదుంబావుకల్లా బోర్డు అతని కంప్యూటర్‌లో కూర్చుంది. పుస్తకంలో రెండేళ్ల కిందటి తేదీ, వివరాలు చూసి, ఆనాటి మెమరీ ముక్కలనే ఆనాటి గాడుల్లోనే పెట్టాడు. ఆట ఆ కంప్యూటర్‌ను గుర్తుపట్టింది. 'ఒక అనుమతి తిరిగి అందింది.' ఆవిడ బోర్డు తీసి అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చాడు. తన బోర్డు బిగించేసరికి ఐదు నలభై ఆరు. ఈసారి చిన్న కిటికీలోని ప్రతి మాటా చదివి నొక్కాడు.

ఏటి గట్టు కనిపించింది. పదకొండు రైళ్లు వరసగా ఆగి ఉన్నాయి.

"దీనికోసమా?" అంది ఆవిడ. కాసేపు చూసి, "ఆ ఎర్రది ముందు పంపు," అని వెళ్లిపోయింది.

అక్కకు ఫోన్ చేసి, జరిగిందంతా అప్పుడు చెప్పాడు. ఆమె అంతా వింది. తరువాత, "అక్కడ ఆ కీచు ఏంట్రా?" అంది.

కంప్యూటర్ లోపల ఫ్యాన్ ఎక్కడో రాసుకుంటోంది. తొందరలో తీగ సరిగా సర్దలేదు. మూత తీసి పట్టకారుతో జరిపితే పోతుంది. ఆట ఫ్యాన్లను లెక్కపెట్టదని అతనికి తెలుసు. బోర్డులనూ లెక్కపెట్టదనే అనుకున్నాడు మొన్నటిదాకా. గోడ గడియారంలో ఆరు దాటింది.

"ఏం లేదక్కా," అన్నాడు, స్క్రూడ్రైవర్‌ను సొరుగులో పెట్టేస్తూ. "మొదటి స్తంభం ఎక్కడ వేయమంటావు?"