ఓడరేవులో ఆగిన బిళ్ళలు

నా భార్య వసుధకు తిండి తగ్గింది. చుడీదార్ మాత్రం నడుము దగ్గర బిగుతయింది. "తినకుండా లావెక్కడం నాకే చెల్లింది" అని నవ్వింది. ఆ రోజే ఏదో తేడాగా ఉందని ఇద్దరికీ అనిపించింది. మేముండే మిషిగన్‌లోని నోవైలో మా ఫ్యామిలీ డాక్టర్ పొట్ట నొక్కి చూసి సీటీ స్కాన్ రాసింది. పొట్టలో నీరు చేరింది. తర్వాత బ్లడ్ టెస్టులు, బయాప్సీ. ఒవేరియన్ క్యాన్సర్, స్టేజ్ త్రీ అన్నారు.

సర్జరీ అయింది, ఆరు సైకిల్స్ కీమో అయింది. పదిహేను నెలలు బాగుంది. మళ్ళీ వచ్చింది. ఈసారి కీమో తర్వాత వికారం తగ్గలేదు. క్యాన్సర్ చూసే ఆంకాలజిస్ట్ రెండుసార్లు వికారం మందు మార్చారు. పోపు వాసన తగిలితే వసుధ గరాజ్‌లోకి వెళ్ళి కూర్చునేది.

వేరే రాష్ట్రంలోని శాన్ రామన్ నుంచి వచ్చిన మా అమ్మాయి మైత్రి ఇక్కడి దుకాణంలో జెల్లీ బిళ్ళల్లాంటి గమ్మీలు కొని తెచ్చింది. గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తిచ్చే టీహెచ్‌సీ, మత్తివ్వని సీబీడీ కలిపినవి.

"మిషిగన్‌లో లీగలే అమ్మా. ఇట్స్ జస్ట్ మెడిసిన్."

"గంజాయి అనే మాట ఈ ఇంట్లో వినిపించకూడదు. బిళ్ళ అను" అంది వసుధ.

సగం బిళ్ళ వేసుకుంటే పెరుగన్నం తినగలిగేది. అలా ఐదు నెలలు గడిచాయి.

ఆంకాలజిస్ట్ తెలుగాయన. ఆయన భార్యా వసుధా గుడిలో ఒకే భజన బృందం. ప్రతి విజిట్‌లోనూ ఆయన అడిగేవారు: "ఇంకేమైనా వాడుతున్నారామ్మా? సప్లిమెంట్స్, హెర్బల్స్?"

"పసుపు పాలండీ."

ఆయన శ్రద్ధగా టైప్ చేసుకునేవారు. నేను పక్కన కూర్చుని తలూపేవాణ్ణి.

తర్వాతి స్కాన్ బాగాలేదు. "ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే ఈ వేసవిలోనే వెళ్ళండి" అన్నారాయన. అలాస్కాలో గ్లేసియర్ చూడాలంది వసుధ.

"ఇన్నేళ్ళు నోవైలో చూసిన మంచు చాల్లేదా?" అన్నాను.

"పారతో ఎత్తిపోయనక్కర్లేని మంచు చూడాలి."

సియాటిల్ నుంచి ఏడు రోజుల క్రూజ్ బుక్ చేశాను. మాది, సియాటిల్ ఉన్నది, అలాస్కా, మూడు రాష్ట్రాల చట్టాలు చూసుకున్నాను, మూడింట్లోనూ గంజాయి లీగలే. ఓడ నిబంధనలు మాత్రం చదవలేదు.

ఓడరేవులో ఎక్స్‌రే దగ్గర మా బ్యాగ్ ఆపారు. సెక్యూరిటీ ఆఫీసర్ ప్యాకెట్ చదివింది. "స్టేట్‌తో సంబంధం లేదు సర్, ఇక్కడ నడిచేది కేంద్రం చేసిన ఫెడరల్ లా. ఉత్త సీబీడీ అయినా మా ఓడలోకి రాకూడదు" అని, సూపర్‌వైజర్ వచ్చేదాకా పక్కన నిలబెట్టింది. ఎక్కనిస్తారో లేదో తెలియదు.

ఆంకాలజిస్ట్‌కి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను.

"ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?"

"ఐదు నెలలండీ."

"అదే టీహెచ్‌సీతో చేసిన డ్రొనబినాల్ అని ప్రిస్క్రిప్షన్ క్యాప్సూల్ ఉందండీ. చెప్పి ఉంటే అది ట్రై చేసేవాళ్ళం. ఓడవాళ్ళనీ ముందే అడిగేవాళ్ళం. ఇప్పుడు ఓడ బయల్దేరేలోపు ఈ గంటలో నేనేం చెయ్యగలను? ఇంతకీ నా దగ్గర సిగ్గేమిటండీ?"

సూపర్‌వైజర్ వస్తున్నాడని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ప్యాకెట్ వదిలేసి ఎక్కండి, లేదంటే వెనక్కి వెళ్ళండి అన్నాడు సూపర్‌వైజర్. ఇంటికి పోదామన్నాను.

"వాంతి చేసుకోడానికి నోవై దాకా ఎందుకండీ, ఇంత సముద్రం పెట్టుకుని?" అంది వసుధ. ప్యాకెట్ తనే తీసి చెత్తడబ్బాలో పడేసింది.

నాలుగు రోజులు వసుధ కేబిన్ దాటలేదు. ఓడ డాక్టర్ ఇంజెక్షన్లు ఇచ్చాడు, సెలైన్ పెట్టాడు. గ్లేసియర్ ముందు ఓడ ఆగిన రోజు వీల్‌చెయిర్‌లో డెక్ మీదికి తీసుకెళ్ళాను. పది నిమిషాలు చూసి, "చాలు, లోపలికి పోదాం" అంది.

తిరిగొచ్చాక ఆంకాలజిస్ట్ ఆ క్యాప్సూల్ రాశారు. అది పనిచేసింది. చలికాలం చివర్లో వసుధ పోయింది.

రెండేళ్ళయింది. వంట నేర్చుకున్నాను. ఆంకాలజిస్ట్ గుడిలో కనిపిస్తుంటారు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. ఏమేం వాడుతున్నారో, ఎప్పుడు బయల్దేరుతున్నారో మీ డాక్టర్‌కి నెల ముందే చెప్పండి. ఆ డాక్టర్ మీ గుడికి వచ్చే మనిషైతే మొదటి విజిట్‌లోనే చెప్పండి. ఒకసారి లేదన్నాక, రెండోసారి ఉందని చెప్పడం చాలా కష్టం.