మెట్ల మీద లెక్కలు చెప్పిన టేజె

కింది అంతస్తులో ఉండే టేజె పోయారని ఆమె కొడుకు మెట్ల దగ్గర నిలబడి చెప్పాడు. మాస్కు వల్ల మాట సరిగా వినపడక మళ్ళీ అడిగాను. పాపం, ఆ మాట అతనితో రెండుసార్లు చెప్పించాను. కరోనా అని ఆసుపత్రిలోకి తననీ రానివ్వలేదట.

టేజె అంటే టర్కీ భాషలో పిన్ని. మా అమ్మాయి అలా పిలిచేది, మాకూ అదే అలవాటైంది. రిటైరైన లెక్కల టీచరు. మేం జర్మనీ వచ్చి ఎష్‌బోర్న్‌లో దిగిన కొత్తలో ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే చిరునామా నమోదుకి, ఏ ఆఫీసుకెళ్ళాలో చూపించింది కూడా ఆమే.

బడులు మూసేసిన చలికాలం మా అమ్మాయి నాలుగో తరగతి. ఆన్‌లైన్ పాఠాలు తలకెక్కేవి కావు. టేజె తన గుమ్మంలో కుర్చీ వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవారు. పిల్ల దూరంగా పై మెట్టు మీద. భిన్నాలు నేర్పాక, "ఇప్పుడు మీ అమ్మకి మీ భాషలో చెప్పు. అమ్మకి అర్థమైతే నీకు వచ్చినట్టే" అనేవారు. అది తడుముకుంటూ తెలుగులో మొదలుపెట్టి జర్మన్‌లోకి జారిపోయేది. టేజె వేలు ఊపి మళ్ళీ తెలుగులోకి లాక్కొచ్చేవారు. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా శ్రద్ధగా వినేవారు.

ఇక్కడ నాలుగో తరగతితోనే పిల్లల దారులు వేరవుతాయి. గిమ్నాజియం అయితే నేరుగా యూనివర్సిటీ వైపు, రియాల్‌షూలె అయితే తొందరగా పని నేర్చుకునే వైపు. మా అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. అయినా క్లాస్ టీచరు ఫోన్ చేసి రియాల్‌షూలె చాలన్నారు.

"పోనీ తియ్యి. బ్లూ కార్డు వీసా మీద ఉన్నోళ్లం, బడితోని మనకు లొల్లెందుకు?" అన్నారు మావారు. నాకూ భయమే.

టేజెకి చెబితే టీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత తన చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ళ నాన్న ఫ్యాక్టరీ పనికని ఈ దేశం వచ్చాడు. ఎలాగూ వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళే కదా అని విదేశీయుల పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టేవారట. ఆ గదిలోంచి బయటపడి టీచరయ్యేసరికి ఆమెకి ఇద్దరు పిల్లలు.

"చివరి మాట తల్లిదండ్రులదే, తెలుసా? టెర్మిన్ అడుగు, కలవడానికి టైమిమ్మను. నేనూ వస్తాను. అడగడం అంటే తగువు కాదమ్మా."

కరోనా వల్ల క్లాసు గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కోట్లు విప్పకుండానే కూర్చున్నాం. క్లాస్ టీచరు మర్యాదగానే మాట్లాడారు. "పిల్ల తెలివైనదే. కానీ ఇంట్లో జర్మన్ మాట్లాడరు కదా, గిమ్నాజియంలో వెనకబడుతుంది. మీ మేలు కోరే చెబుతున్నాను."

"నాకూ అప్పట్లో ఇలాగే మేలు కోరారు," అన్నారు టేజె. గొంతు పెంచలేదు. "ఏ సబ్జెక్టులో వెనకబడింది, చెప్పండి?"

ఆవిడ మార్కులు చూశారు. టేజె నా వైపు తిరిగారు. నా తరఫున ఆమే మాట్లాడేస్తారనుకున్నాను, మాట్లాడలేదు. నాకొచ్చిన జర్మన్‌లో నేనే చెప్పాను: "మా అమ్మాయి గిమ్నాజియంకి వెళ్తుంది." వాక్యం తప్పో ఒప్పో తెలియదు. దారిలో టేజె దాన్ని సరిదిద్దలేదు. చేయి మాత్రం నొక్కారు.

అది గిమ్నాజియంలో చేరింది. మొదట్లో కష్టపడింది, మెల్లగా కుదురుకుంది. మెట్ల మీది పాఠాలు సాగుతూనే ఉన్నాయి. మరుసటి చలికాలం టేజెకి జ్వరం వచ్చేదాకా.

అంత్యక్రియలకి లోపలికి కొద్దిమందినే పంపారు. శ్మశానం గోడ వెంట మాస్కులు పెట్టుకుని, ఎడమెడంగా, ఎంతమంది నిలబడ్డారో! తల నెరిసినవాళ్ళు, బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒకతను, చంటిపిల్లతో ఒకామె. ఏవేవో భాషలు వినిపిస్తున్నాయి. అందరికీ ఆమే లెక్కలు చెప్పారట. మేం చివర చేరాం.

ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "నువ్వూ ఆమె క్లాసేనా?" అని మా అమ్మాయిని జర్మన్‌లో అడిగాడు.

"యా," అంది.

ఆయన పక్కకి జరిగి, గోడ దగ్గర కాస్త ఎండ పడుతున్న చోటు దానికి ఇచ్చాడు.