పదకొండిళ్లకు ఒకే తీగ

మా నెబ్రాస్కా పల్లెలో పదకొండిళ్లకు ఒకే టెలిఫోను తీగ. ఎవరికి గంట మోగినా అన్నిళ్లలోనూ మోగేది. మోగగానే అందరం చెవి ఆనించేవాళ్లం. తప్పంటారా? చలికాలంలో ఇంకేం కాలక్షేపం! దాన్ని బయటి ఊళ్ల తీగలతో కలిపేది ఓర్ఫా అత్త. భర్త పోయాక తనింటి ముందుగదిలోనే ఫోన్లు కలిపే బోర్డు పెట్టించుకుంది. నోరు మహా గయ్యాళి, మనసు వెన్న. ఎవరెవరు దొంగచాటుగా వింటున్నారో ఇట్టే పసిగట్టేది.

1911 జనవరిలో, మంచు కిటికీల దాకా పేరుకుపోయిన ఓ ఉదయం, లీనా నైబర్గ్ ఏడుస్తూ ఫోను చేసింది. ఏడాదిన్నర కూతురికి గొంతు పూడుకుపోయి ఊపిరాడటం లేదు. డాక్టర్ టీగ్ ఉండేది పన్నెండు మైళ్ల అవతల. బండి కదిలే దారి లేదు. అత్త ఆయన్ను లైనులోకి కలిపింది. కానీ వినే చెవులు పెరిగేకొద్దీ మాట సన్నబడిపోయే తీగ అది.

"వినబడటంలేదు డాక్టరుగారూ! ఏం చెయ్యమన్నారు?" లీనా అరుస్తోంది.

"మీ చెవులు పడిపోనూ! ఫోన్లు పెట్టేయండి!" ఓర్ఫా అత్త విరుచుకుపడింది. "ఎడ్నా, నీ గోడగడియారం చప్పుడు నాకు తెలీదనుకున్నావా? విల్బర్ మావా, ఆ దగ్గు నీదేగా? పెట్టవయ్యా బాబూ! అక్కడ పిల్ల పోయేలా ఉంది!"

టక్కు టక్కుమని ఒక్కొక్కరే పెట్టేశారు. నేను పెట్టలేదు. పిల్ల ఏమవుతుందోనని భయం, చెయ్యి రాలేదు.

"ఇంకొకరున్నారు," అంది అత్త. ఈసారి తిట్టలేదు. "ఎవరైనా సరే, నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ, పెట్టెయ్."

ఆవిడ బతిమాలగా వినడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. పెట్టేశాను.

తర్వాత గంటన్నర! పొయ్యిలో రొట్టె మాడిపోతున్నా నాకు తెలియలేదు. ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. ముట్టుకుంటే ఒట్టు.

అప్పుడు మోగింది, ఆగకుండా ఒకే పొడుగు గంట. ఊరంతా ఎత్తాలని దానర్థం. ఎక్కడైనా నిప్పంటుకుంటే తప్ప మోగదు. ఒక్క ఉదుటున ఎత్తాను.

"అందరూ వచ్చారా?" అత్త గొంతు బొంగురుపోయింది. "డాక్టరు చెప్పినట్టే లీనా పిల్లకి ఆవిరి పట్టింది. ఊపిరి తిరిగింది. లీనా, పిల్లనెత్తుకుని ఫోను దగ్గరకి రామ్మా. ఇక వినండర్రా, కడుపునిండా వినండి!"

పిల్ల ఏడుస్తోంది. అందరం ఎత్తడంతో ఏడుపు ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టు సన్నగా వినిపించింది. ఒక్కరమూ పెట్టలేదు. ఓర్ఫా అత్త పెట్టేయమననూ లేదు.