దాడి అని పైకి అనాలి

మా చిన్నప్పుడు... మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో, మేకలు వచ్చి తొక్కకుండా కాపలా కాయడం నా పని. పెద్దవాళ్ళంతా తాటాకు పందిరి కింద కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుండేవాళ్ళు. నాకు తోడు పిల్లలెవరూ ఉండేవాళ్ళు కాదు. తాతయ్య ఒక్కడే... ఆయన ఉన్నా లేనట్టే.

ఆ ఏడే మా నాయనమ్మ పోయింది. అంతకుముందు తాతయ్య సత్తెనపల్లి రోడ్డు మీద నిలబడి కేకేస్తే చేలో ఎడ్లు చెవులు రిక్కించేవి. నాయనమ్మతోపాటు ఆ గొంతు కూడా పోయింది. అన్నం పెడితే తినేవాడు, నీళ్ళిస్తే తాగేవాడు... మాట మాత్రం లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు కాసేపు పలకరించి, ఇక చేసేది లేక లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఆయన గొంతు మళ్ళీ వినాలని ఒకటే బెంగ.

కల్లం పక్కన నేలబారుగా ఒక పెద్ద బండ ఉండేది. దాని మీద ఎవరో, ఎప్పుడో ఉలితో చెక్కిన దాడి ఆట గీతలు... ఒక చదరం, దాని లోపల ఇంకోటి, దాని లోపల మరోటి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇద్దరూ గీతలు కలిసే చోట ఒక్కో గింజా పెట్టుకుంటూ పోవాలి. మూడు గింజలు వరసగా కుదిరితే "దాడి" అని పైకి అనాలి. అంటేనే ఎదుటివాళ్ళ గింజ ఒకటి తీసుకోవచ్చు. నోరు విప్పకపోతే దాడి చెల్లదు. మా ఊళ్ళో ఈ రూలు మహా గట్టిది.

ఒకరోజు ఊసుపోక రెండు వైపులా నేనే ఆడుకుంటుంటే, తాతయ్య వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. నావి చింతపిక్కలు, ఆయనవి పత్తిగింజలు. కాసేపటికి ఆయనకి మూడూ కుదిరాయి. నా పిక్క తీయబోయాడు. నేను దాని మీద చెయ్యి అడ్డం పెట్టేశాను.

"అనాలి తాతయ్యా. అనకపోతే ఇవ్వను."

ఆయన బండకేసి చూశాడు... గొంతు సవరించుకుని, బొంగురుగా "దాడి" అన్నాడు.

పందిరి కింద అమ్మ చెయ్యి కాయల మీదే ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటేమో అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను గెలవడం మానేశాను. అడ్డుకోవాల్సిన చోట అడ్డుకోకుండా, ఎక్కడో మూలన పిక్క పెట్టేదాన్ని. ఆయన "దాడి" అనేవాడు. నా పిక్కలన్నీ పోయేవి... నేను మహారాణిలా కూర్చునేదాన్ని.

ఎన్నాళ్ళని సాగుతుంది? ఓసారి గింజ పెట్టబోయి తాతయ్య ఆగాడు. ఖాళీగా వదిలిన చోటు చూశాడు. నన్ను చూశాడు.

"ఏమే, కావాలని వదిలేస్తన్నావా?"

"లేదు తాతయ్యా."

"మీ నాయనమ్మ ఈ బండ మీద నన్ను ఒక్కసారి గెలవనిచ్చిందా అసలు? నువ్వు సరిగ్గా ఆడు. గెలిచినా మాట్టాడతాలే."

ఆ సాయంత్రమంతా నాయనమ్మ కబుర్లే చెప్పాడు. నేను సరిగ్గానే ఆడి, చిత్తుగా ఓడిపోయాను.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇదంతా ఎందుకంటారా... నేను గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. కొత్త యంత్రాలు కొన్నారని, వాటి శిక్షణకి నన్ను ఇటలీ పంపారు. మిగతా రోజులు యంత్రాల మోతలో గడిచిపోయేవి. ఆదివారం వస్తే మాత్రం గదిలో ఒక్కదాన్నే... గోడలు మీద పడుతున్నట్టుండేది. అలాంటి ఓ ఆదివారం బస్సెక్కి, కొండల మధ్య ఒక చిన్న ఊరికి పోయాను. వేల ఏళ్ళనాటి మనుషులు అక్కడ బండల మీద బొమ్మలు చెక్కారట.

జింకలు, ఈటెలు పట్టిన మనుషులు, నాగలి కట్టిన ఎడ్లు... అన్నీ చూశాను. "అచ్చం మన ఎడ్లే" అందామని పక్కకి తిరిగితే ఎవరూ లేరు. ఇంకాస్త ముందుకెళితే, అడ్డంగా కట్టిన తాడుకి అవతల ఒక బండ మీద దాడి గీతలు. గబుక్కున ఏడుపొచ్చింది.

ఊళ్ళోకి దిగాను. రాతి ఇళ్ళు, సగం తలుపులకి తాళాలు. బస్సు కోసం చర్చి ముందున్న రాతి అరుగు మీద కూర్చుంటే, దాని మీదా అవే గీతలు... వేళ్ళు తగిలి తగిలి నునుపెక్కి ఉన్నాయి. తెల్లవీ నల్లవీ గులకరాళ్ళు ఏరి, రెండు వైపులా నేనే ఆడటం మొదలుపెట్టాను.

కర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. కాసేపు చూసి, ఎదురుగా కూర్చుని తెల్లరాళ్ళు తన వైపు లాక్కుంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. ఆట మాత్రం సాగింది.

నాకు మూడు రాళ్ళు కుదిరాయి. చెప్పినా ఆవిడకేం అర్థమవుతుందిలే అని, ఊరుకుని ఆవిడ రాయి తీయబోయాను. ఆవిడ దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది. నా నోటివైపు చూస్తూ కూర్చుంది.

"దాడి" అన్నాను.

పొద్దుటి నుంచి నేను పలికిన మొదటి మాట అది. గొంతు బొంగురుగా, నాది కానట్టుగా వచ్చింది... అచ్చం ఆ రోజు తాతయ్యకి వచ్చినట్టే. ఆవిడ నవ్వి రాయి వదిలేసింది.

ఆ తర్వాత అడ్డుకోవాల్సిన చోట ఆవిడ అడ్డుకోలేదు. ఎక్కడో మూలన రాయి పెట్టింది. ఆ వదలడం ఏమిటో నాకు తెలియదా... బస్సు వచ్చేదాకా అంటూనే ఉన్నాను, దాడి, దాడి అని.

తిరిగొచ్చాక మా ఊరెళ్ళాను. కల్లం ఉంది, బండ ఉంది. గీతల్లో మట్టి పేరుకుపోయింది. నీడపట్టున ఎవరి ఫోను వాళ్ళది. చీపురుతో శుభ్రంగా ఊడ్చి, పిక్కలూ గింజలూ సర్ది, పొద్దు వాలేదాకా కూర్చున్నాను... ఎవరూ రాలేదు.

మీలో దాడి ఆడినవాళ్ళుంటే, ఎవరితో ఆడేవారో చెప్పండి. మా వైపు వస్తే ఆ బండ దగ్గర కాసేపు ఆగండి... నన్ను గెలవనివ్వక్కర్లేదు. ఎదురుగా కూర్చుని, ఆ మాట పైకి అంటే చాలు.